ఉప్పుటేర్ల పండుగప్పకు వైబ్రేటింగ్ జిగ్గు

గోదావరి డెల్టాలో సముద్రానికి చేరువగా ఉన్న పాయల్లోనూ, ఉప్పుటేర్లలోనూ, మురుగు కాలువలు ఏటిలో కలిసే చోట్లలోనూ నీరు ఏడాదిలో ఎక్కువ భాగం మసకగానే ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్లు కనబడని ఆ నీటిలో పండుగప్ప తన ఆహారాన్ని కంటితో కన్నా ముందు ఒంటితో పసిగడుతుంది. మొప్పల దగ్గర మొదలై తోక దాకా రెండు పక్కలా సాగే పార్శ్వరేఖ నీటిలోని అదురును పట్టుకునే అవయవం. కొయ్యింగ చేప తోక విదిలించినా, రొయ్య వెనక్కి ఎగిరినా ఆ కుదుపు దానికి అందుతుంది. కృత్రిమ ఎరతో గాలం వేసేవారు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే, పెట్టెలో ఉన్న పది రకాల ఎరల్లో ఏది తీయాలో తేల్చుకోవడం కష్టం కాదు. మసక నీటికి అదిరే ఎర కావాలి, ఆ పనికి తల ముందు లోహపు రేకు అదిరే వైబ్రేటింగ్ జిగ్గును మించినది నా దృష్టిలో లేదు.

ఈ జిగ్గు పుట్టింది మాత్రం మన చేప కోసం కాదు. అమెరికా జలాశయాల్లో నీటిగడ్డి పెరిగిన చోట్ల మాటు వేసే లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం దీనిని తయారు చేశారు. 2006లో ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సులో జరిగిన ఒక పెద్ద పోటీని దీనితో గెలిచిన తరువాత అక్కడి గాలపు వేటగాళ్లలో దీని పేరు మారుమోగింది. బాస్‌కూ పండుగప్పకూ దగ్గరి చుట్టరికం లేకపోయినా అలవాట్లు చాలా వరకు కలుస్తాయి. రెండూ దేని చాటునో కదలకుండా నిలబడి, ఎర దగ్గరికి రాగానే పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటాయి. అయితే బాస్‌ను పట్టేవారు రుతువును, నీటి వేడిమిని, గడ్డి అంచును చూసి చోటు ఎంచుకుంటారు. వసంతంలో గుడ్లు పెట్టే ముందు లోతు తక్కువ వైపుకు వచ్చిన చేపను గడ్డి మీదుగా జిగ్గు లాగి పట్టడం అక్కడి ప్రసిద్ధమైన పద్ధతి. మన ఏటి మొగల్లో చేపను కదిలించేది అన్నిటికన్నా ముందు ఆటుపోట్లు. కాబట్టి అమెరికావారి వీడియోలు చూసి ఎరను ఎలా లాగాలో నేర్చుకోవచ్చు గాని, ఎక్కడ వేయాలో, ఎప్పుడు వేయాలో అన్నది మాత్రం మన మత్స్యకారులను అడిగి తెలుసుకోవలసిందే.

జిగ్గు, దాని అమరిక

దీని నిర్మాణం సులువైనది. సీసం పోసిన తల, ఆ తలలోనే బిగిసి ఉన్న ఒక పెద్ద గాలం, తల ముందు వేలాడే చిన్న లోహపు రేకు, గాలం చుట్టూ కుచ్చులా పరుచుకునే రబ్బరు పోగులు, గాలానికి వెనుక నుంచి తొడిగే మెత్తని ప్లాస్టిక్ చేప. ఈ చివరిదాన్ని ట్రెయిలర్ అంటారు. దారం కట్టేది రేకు ముందున్న క్లిప్పుకే తప్ప తలకు కాదు. దారం లాగగానే నీరు రేకుకు అడ్డం తగిలి దానిని ఒక పక్కకు నెడుతుంది. అది తలకు కొట్టుకుని రెండో పక్కకు వెళుతుంది. ఈ కొట్టుకోవడం ఆగకుండా సాగడం వల్ల ఎర మొత్తం అదురుతూ, టకటకమనే చప్పుడు చేస్తూ వస్తుంది. ఆ అదురు దారం వెంట, కర్ర వెంట పాకి మన అరచేతికి చేరుతుంది. ఎర ఎలా ఉందో నిమిష నిమిషమూ చేతికి తెలియజేయడమే ఈ జిగ్గులోని అసలు సుగుణం, ఈ పద్ధతిలో మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఒకటి నుంచి మూడు మీటర్ల లోతు గల పాయలకు 10 నుంచి 14 గ్రాముల జిగ్గు సరిపోతుంది. పాటు, అంటే సముద్రం వైపు తీసే నీరు, జోరుగా లాగే తూముల దగ్గరా, వంతెన స్తంభాల పక్కనా అది అడుగుకు దిగకుండా కొట్టుకుపోతుంది కనుక 21 గ్రాములది ఒకటి దగ్గర ఉంచుకోవాలి. బరువు కన్నా ఎక్కువగా పరీక్షించవలసినది గాలం. బాస్ కోసం చేసిన చవక జిగ్గుల్లో గాలపు తీగ సన్నగా ఉంటుంది, మూడు కిలోల పండుగప్ప మడ వేళ్ల వైపు తల తిప్పిన క్షణంలో అది సాగిపోతుంది. తలలో పోసిన గాలాన్ని తరువాత మార్చుకునే వీలు లేదు కాబట్టి కొనేటప్పుడే లావుపాటి తీగది ఎంచుకోవాలి. గాలం తలకు కీలులా వేలాడే రకాలు కూడా ఉన్నాయి. వాటికైతే ఉప్పునీటికి తట్టుకునే గట్టి గాలం మనమే వేసుకోవచ్చు. దారం కట్టే క్లిప్పు ఈ ఎర మొత్తంలో అతి బలహీనమైన భాగం. అది తెరుచుకుని జిగ్గు నోట్లో పెట్టుకుని చేప పోయిందంటే తప్పు మనదే గాని చేపది కాదు; అనుమానం కలిగిన క్లిప్పును తీసేసి అదే కొలత గల బలమైన దానిని పెట్టుకోవడం మేలు.

ట్రెయిలర్ మూడు, నాలుగు అంగుళాల పొడవున ఉంటే మన పాయల్లో తిరిగే కొయ్యింగ పిల్లలకు, రొయ్యలకు దగ్గరగా కనిపిస్తుంది. దానిని గాలానికి తొడిగేటప్పుడు తిన్నగా తొడగడం తప్పనిసరి. అర అంగుళం వంకర ఉన్నా జిగ్గు ఒక పక్కకు ఒరిగి, తిరగబడి, దారాన్ని మెలిపెడుతుంది. తోక చివర వెడల్పుగా ఉండే రకం తానూ కదులుతుంది గాని రేకు అదురును కొంత తగ్గించి ఎరను పైకి లేపుతుంది. అందుచేత మీటరు లోతైనా లేని చోట, నెమ్మదిగా లాగవలసిన చోట ఆ రకం మంచిది. ప్రవాహంలోనూ లోతులోనూ సన్నని తోక గలదే మేలు.

రంగు గురించి ఎక్కువగా ఆలోచించడం అనవసరం. ఎర్రమన్ను కలిసిన నీటిలో, సంధ్యవేళ నలుపు నీలం కలిసినది ఆకారం స్పష్టంగా చూపుతుంది. మసక ఆకుపచ్చ నీటిలో తెలుపు, నిమ్మపండు రంగు కలిసినది బాగుంటుంది. చలికాలంలో నీరు తేరుకున్నప్పుడు రొయ్య గోధుమ రంగు, కొయ్యింగ వెండి రంగు చాలు. ఈ మూడు నాలుగు పెట్టెలో ఉంటే రంగు కోసం ఇక డబ్బు పోయనక్కరలేదు.

కర్ర, దారం

ఏడడుగుల కర్ర ఒడ్డు నుంచి వేయడానికీ, నాటు పడవలో కూర్చుని వేయడానికీ అనువుగా ఉంటుంది. మరీ బిరుసైన కర్ర తీసుకోకూడదు. చేప జిగ్గును పీల్చుకునే వేళ కర్ర మొన కొంచెం వంగితేనే ఎర పూర్తిగా నోట్లోకి వెళుతుంది, బిరుసు కర్ర దానిని వెలుపలికి లాగేస్తుంది. అడుగు భాగంలో బలం, మొన నుంచి మధ్య దాకా సాగుడు ఉన్న మీడియం హెవీ కర్ర ఈ పనికి తగినది. రీలు 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీలు అయితే కొత్తవారికి చిక్కులు తక్కువ.

రీలుకు 30 పౌండ్ల అల్లిక దారం చుట్టుకోవాలి. అది సాగదు కనుక రేకు అదురును తగ్గించకుండా చేతికి తెస్తుంది. సాగే నైలాను దారంతో ఆ అదురు సగం దారిలోనే అణగిపోతుంది. అయితే అల్లిక దారం రాపిడికి ఆగదు. పండుగప్పకు వాలుగ వంటి పదునైన పళ్లు లేకపోయినా నోటి లోపల ఆకురాయిలాంటి గరుకుతనం ఉంటుంది, మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది, ఆ పైన మడ వేళ్లకు, వంతెన స్తంభాలకు అంటుకుని ఉండే ఆల్చిప్పలు ఉండనే ఉన్నాయి. కాబట్టి అల్లిక దారం చివర 40 నుంచి 50 పౌండ్ల నైలాను లేదా ఫ్లోరోకార్బన్ దారం ఒక మీటరు కలపాలి. ఆ కలయికకు ఎఫ్‌జీ ముడి సన్నగా ఉండి రాడ్డు రింగుల్లోంచి సాఫీగా జారుతుంది. దానిని ఇంట్లో తీరికగా నేర్చుకోవాలి, పడవలో గాలికి నేర్చుకునేది కాదు. స్టీలు తీగ అక్కరలేదు, అది పెడితే జిగ్గు నడక చెడుతుంది. రీలు బ్రేకును దారం బలంలో నాలుగో వంతుకు, అంటే మూడున్నర కిలోలకు కొంచెం అటూ ఇటూగా, చిన్న త్రాసు తగిలించి సరిచూసుకుంటే సరిపోతుంది.

చోటు, పోటు

పండుగప్ప ఉప్పునీటిలో గుడ్లు పెట్టి, పిల్లగా ఏరు ఎక్కి, మంచినీటిలోనూ ఉప్పు కలిసిన నీటిలోనూ ఎదిగి, మళ్లీ గుడ్ల కోసం మొగ వైపు దిగే చేప. అందుచేత గౌతమి మీద యానాం చుట్టుపక్కల, వైనతేయ మీద ఓడలరేవు వైపు, వశిష్ఠ మీద నరసాపురం నుంచి అంతర్వేది దాకా, ఆ ఏర్లలోకి వచ్చి పడే డ్రెయిన్లలో దీని కోసం వెతకవచ్చు. పోటు నీరు డ్రెయిన్లలో ఎంత దూరం ఎక్కుతుందో కోనసీమ రైతుకు వేరే చెప్పనక్కరలేదు; శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఎగదన్నిన ఉప్పునీరు కొబ్బరి తోటలను దెబ్బతీసిన సంగతి అందరికీ తెలిసినదే. రైతుకు కంటకమైన ఆ ఉప్పునీటి వెంటే కొయ్యింగలూ, వాటి వెనుక పండుగప్పలూ లోపలికి వస్తాయి.

చేప నిలిచే చోటును గుర్తించడానికి మూడు విషయాలు కలిసి రావాలి: నీరు కదులుతూ ఉండాలి, ఆ కదలిక నుంచి తప్పుకుని నిలబడడానికి ఏదో ఒక చాటు ఉండాలి, ఎదురుగా చిన్న చేపలో రొయ్యలో కొట్టుకువచ్చే దారి ఉండాలి. వంతెన స్తంభం దిగువన నీరు సుడి తిరిగే జాగా, తూము గోడ పక్కన నిలకడ నీరు, ఒడ్డు విరిగి కూలిన కొబ్బరి మొద్దు, పాత వలలకు పాతి వదిలేసిన వెదురు గుంజలు, రెండు పాయలు కలిసే మూల మీది ఇసుక తిన్నె అంచు, ఇవన్నీ అలాంటివే. తేట నీరూ బురద నీరూ పక్కపక్కన సాగుతూ మధ్య గీత గీసినట్టు కనబడితే ఆ గీత వెంట వేయడం మరువరాదు, ఎందుకంటే బురద వైపు దాగి తేట వైపుకు దూకడం దీనికి ఇష్టం.

ఇన్నిటిలోనూ ఒక్క చోటు మాత్రమే ఎంచుకోమంటే నేను చిన్న డ్రెయిన్ పెద్ద పాయలో కలిసే మొగనే ఎంచుకుంటాను, అదీ పాటు చివరి రెండు గంటల్లో. పోటు వేళ గట్ల మీది గడ్డిలోకి, మడ వేళ్ల మధ్యకు ఎక్కి మేసిన కొయ్యింగ పిల్లలూ రొయ్యలూ నీరు తీసేకొద్దీ దాక్కునే చోటు లేక ఆ ఇరుకు దారి గుండా బయటికి రావలసి వస్తుంది. పండుగప్పకు వెతుక్కునే పని ఉండదు. పాటు పూర్తయి నీరు నిలిచిన కొద్దిసేపు ఎరకు ఏమీ తగలకపోవచ్చు. మళ్లీ పోటు మొదలై తొలి నీరు లోపలికి కదిలినప్పుడు చేప ఒడ్డు వైపుకు జరుగుతుంది, అప్పుడు జిగ్గును గట్టుకు దగ్గరగా, గట్టుతో సమానంగా లాగాలి. నిండు పోటు వేళ నీరు చెట్ల మొదళ్ల దాకా పరుచుకుని చేప ఎక్కడైనా ఉండవచ్చు కనుక ఆ సమయం చద్దిమూట విప్పుకోవడానికి వాడుకోవడమే ఉత్తమం.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ అవి ముందు రోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఇక ఏ రోజు వెళ్లాలన్నది పంచాంగంలోని తిథి చూసి తేల్చుకోవచ్చు. పున్నమికి, అమావాస్యకు, ఆ తరువాతి ఒకటి రెండు రోజులకు పోటు పెద్దది. నీరు మరీ జోరుగా పరుగెత్తి అడుగు బురదనంతా లేపుతుంది, చెత్త కొట్టుకువస్తుంది, జిగ్గు రేకుకు ప్రతి విసురుకూ నాచు తగులుకుంటుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు మరీ చిన్నదై నీరు కదలనట్టే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య, చవితి నుంచి సప్తమి దాకా, మళ్లీ ద్వాదశి నుంచి చతుర్దశి దాకా నీటి నడక మధ్యస్థంగా ఉండి గాలానికి అనుకూలిస్తుంది. ఆటుపోట్ల పట్టికలో ఇచ్చే సమయం కాకినాడ వంటి రేవుకు సంబంధించినది. మొగ నుంచి లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది, డ్రెయిన్లలో ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. వేసే చోట గట్టున ఒక పుల్ల పాతి, నీరు ఎప్పుడు మళ్లిందో రాసుకుంటే ఆ ఒక్క చోటికి పట్టిక కన్నా నమ్మకమైన లెక్క చేతిలో ఉంటుంది.

ఎండాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి దిగే మంచినీరు తగ్గి ఉప్పునీరు పాయల్లో చాలా పైకి ఎక్కుతుంది, చేప కూడా పైకి ఎక్కుతుంది. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామునా, పొద్దు వాలిన తరువాతా మంచి వేళలు. జూలైలో ఎర్రనీరు దిగిన తరువాత పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఏటి నిండా మంచినీరే పారుతుంది, పండుగప్ప మొగల వైపుకు జరుగుతుంది, సముద్రం వదిలి పులస ఎదురెక్కే ఆ రోజుల్లో జిగ్గు పెట్టె మూసి ఉంచడమే మంచిది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన తరువాత పాయల్లోకి పడవ దింపడం ఎంత మాత్రం తగదు. వరద తీసి నీరు తేరుకునే అక్టోబరు నుంచి మళ్లీ పని మొదలుపెట్టవచ్చు. డిసెంబరు, జనవరిలో చలికి చేప మందగిస్తుంది. అప్పుడు పొద్దెక్కి నీరు కాస్త వేడెక్కిన తరువాత వెళ్లి మామూలు కన్నా నెమ్మదిగా లాగాలి.

లాగడం

ఎర నీటిలో పడగానే దారం బిగువుగా ఉంచుకుని దిగనివ్వాలి, ఎందుకంటే దిగేటప్పుడే చేప పట్టుకోవడం తరచుగా జరుగుతుంది. దిగుతున్న దారం ఆగినా, పక్కకు జరిగినా వెంటనే లాగాలి. అడుగు తగిలిన తరువాత కర్ర మొనతో ఒక్క కుదుపు ఇవ్వాలి, రేకు అదరడం దానితో మొదలవుతుంది. ఆ తరువాత రీలు తిప్పే వేగానికి కొలమానం ఒక్కటే: చేతికి అదురు తెలుస్తూ ఉన్నంతలో ఎంత నెమ్మదిగా తిప్పగలమో అంత నెమ్మదిగా తిప్పాలి. అదురు పోయిందంటే వేగం చాలలేదని అర్థం. అదురు ఎక్కువై ఎర నీటి పైకి వచ్చిందంటే వేగం మించిందని అర్థం. ప్రవాహానికి ఎదురుగా లాగేటప్పుడు నీరే రేకును ఆడిస్తుంది కనుక రీలు ఇంకా నెమ్మదిగా తిప్పవచ్చు. ప్రవాహంతో పాటు లాగేటప్పుడు కొంత తొందర అవసరం. వీలైనంత వరకు ప్రవాహానికి అడ్డంగా, కొంచెం ఎగువకు విసిరి, ఎర నీటితో పాటు వంపు తిరుగుతూ చేప నిలిచే చాటు ముందు నుంచి పోయేలా చూడాలి. కొయ్యింగ పిల్ల కొట్టుకువచ్చేది ఆ దారినే.

ఒకే వేగంతో లాగితే బాస్ పట్టినంత తరచుగా పండుగప్ప పట్టదు. నాలుగైదు చుట్లు తిప్పి, ఒక క్షణం ఆపి, ఎర అరమీటరు దిగనిచ్చి, మళ్లీ కుదుపుతో మొదలుపెట్టడం దీనికి నచ్చే నడక. ఆగిన క్షణంలో రేకు చప్పుడు ఆగుతుంది, కుచ్చు పోగులు విచ్చుకుంటాయి, వెంటపడి వచ్చిన చేపకు ఇక సందేహం తీరుతుంది. ఎర ఏ గుంజకో, స్తంభానికో తగిలినప్పుడు కూడా అలాగే ఒక క్షణం ఆపి వదలాలి. తగిలి తప్పుకున్న ఎరను చేప బెదిరి పారిపోతున్న ప్రాణిగా భావిస్తుంది. గాలం బయటికి కనబడే ఎర కనుక మొద్దులలో ఇరుక్కోవడం మామూలే. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే ఇంకా లోతుగా దిగుతుంది. దారం వదులు చేసి, కర్ర మొనను చిన్నగా వణికిస్తే తల బరువుకు ఎర తనంత తానే వెనక్కి జారి ఊడిపోవడం ఎక్కువసార్లు జరుగుతుంది.

ఇప్పుడు చేతికి తెలిసే వార్తల సంగతి. అదురు ఒక్కసారిగా నీరసించి బరువు పెరిగితే రేకుకు నాచో ఆకో తగిలిందన్నమాట, లాగి శుభ్రం చేయాలి. అదురు ఉంటూ ఉంటూ తప్పుతూ ఉంటే ట్రెయిలర్ జారిపోయింది, లేదా రేకు వంగింది. అదురు ఉన్నట్టుండి పూర్తిగా మాయమై దారం వదులైతే అది చాలాసార్లు చేపే. వెనుక నుంచి వచ్చి ఎరను నోట్లో పెట్టుకుని మన వైపే ఈదుతూ ఉంటుంది. కొత్తవారు గుంజుడు కోసం ఎదురుచూస్తూ ఈ నిశ్శబ్దాన్ని వదిలేస్తారు. వదులైన దారాన్ని రెండు మూడు చుట్లు గబగబా తిప్పి, బరువు తగలగానే కర్రను పక్కకు బలంగా లాగడమే సరైన పని. ఇక చెయ్యి అదిరిపడేలా తగిలే దెబ్బకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక చోట పది విసుర్లకు ఏమీ తగలకపోతే వెంటనే చోటు మార్చాలా అంటే, అది నీటిని బట్టి ఉంటుంది. పాటు ఇంకా బలంగా లాగుతూ ఉంటే కొంచెం ఆగడమే మేలు, నీరు తగ్గేకొద్దీ అదే చోటికి చేప వచ్చి నిలుస్తుంది. నీరు ఆగిపోయి ఉంటే మాత్రం అక్కడ నిలబడి లాభం లేదు.

పడిన తరువాత

తగిలిన పండుగప్ప ముందుగా చాటులోకి దూరబోతుంది, వీలు కాకపోతే నీటి పైకి ఎగిరి తల విదిలిస్తుంది. మొదటి నాలుగైదు సెకన్లలో కర్రను పక్కకు వంచి తల ఇవతలికి తిరిగేలా ఒత్తిడి పెట్టాలి, మడ వేళ్లలోకి వెళ్లాక చేసేదేమీ ఉండదు. ఎగరబోతున్నట్టు దారం పైకి లేవగానే కర్ర మొనను నీటి వైపుకు దించాలి, లేకపోతే ఆ విదిలింపులో సీసపు తల బరువే గాలాన్ని ఊడదీస్తుంది. చేప అలసి పక్కకు ఒరిగిన తరువాత పెద్ద కన్నుల వలసంచితో ఎత్తుకోవడం అన్నిటికన్నా సురక్షితం. మొప్ప కింద చెయ్యి పెట్టకూడదు. ఆ అంచు వేళ్లను లోతుగా కోస్తుంది, వీపు ముళ్లు కూడా తక్కువేమీ కావు. తొడుగు వేసుకున్న చేత్తోనో, పట్టుకారుతోనో కింది దవడ పట్టుకుని, రెండో చేత్తో పొట్ట కింద ఆనించాలి.

ఏది ఇంటికి తేవాలన్న విషయంలో నాది స్పష్టమైన అభిప్రాయం. పండుగప్పల్లో చాలా వరకు మొదట మగవిగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడవిగా మారతాయి. పాయలో దొరికే అతి పెద్ద చేపలన్నీ దాదాపుగా గుడ్లు పెట్టే తల్లులే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రంలో ఈ కారణం చేతనే 58 సెంటీమీటర్ల కన్నా చిన్నదానినీ, 120 సెంటీమీటర్ల కన్నా పెద్దదానినీ వదిలివేయాలని నియమం పెట్టారు. మనం కూడా పులుసుకు రెండు మూడు కిలోలది ఒకటి ఉంచుకుని, చిన్నవాటినీ మరీ పెద్దవాటినీ వదలడం న్యాయం. వదిలే చేపను ఎండలో పడవ చెక్క మీద పడేసి ఫోటోలు తీయడం, ఆ పైన నీళ్లలోకి విసరడం వదలడం అనిపించుకోదు. చేతులు తడుపుకుని, నీటిలోనే గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, అది తనంత తాను తోక ఆడించే దాకా పట్టుకోవాలి. ఉంచుకునే చేపను వెంటనే చంపి మంచులో పెట్టాలి. మన ఎండకు గంట ఆలస్యమైనా రుచి పోతుంది.

ప్రతి చేప తరువాతా చివరి మీటరు దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూడాలి. గరుకు తగిలిన చోటు దాకా కోసి కొత్తగా ముడి వేయడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఎక్కడ వేయవచ్చు, ఎక్కడ వేయకూడదు అన్నది కూడా ఇక్కడే చెప్పాలి. గౌతమి మొగకు ఉత్తరాన ఉన్న కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు ఎన్ని ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా అందులో గాలం వేయడం నేరం. రొయ్యల చెరువుల తూముల దగ్గర బయటి నీటిలో వేసినా యజమానిని అడిగి వేయాలి, దొంగతనాల భయంతో వారు రాత్రి కాపలా ఉంటారు. మత్స్యకారులు పెట్టిన వలలకు, మావులకు దూరంగా ఉండాలి. వారికి అది బువ్వ, మనకు ఇది సరదా. చెరువుల గట్ల మీద ఏరేటర్ల కోసం లాగిన కరెంటు తీగలు చాలా చోట్ల తలకు కొద్ది ఎత్తులోనే వేలాడుతుంటాయి. కార్బన్ కర్రలో విద్యుత్తు సులువుగా పారుతుంది కనుక విసిరే ముందు తల ఎత్తి చూడడం ప్రాణానికి సంబంధించిన విషయం, ఉరుము వినబడినప్పుడు కర్ర కింద పెట్టేయడం కూడా అంతే. పాటు వేళ బయటపడే బురద మీద పైన ఎండిన పొర కనబడినా కింద నడుము లోతు ఊబి ఉండవచ్చు, ఇరుక్కున్న జిగ్గు కోసం దానిలోకి దిగకూడదు. పడవను డ్రెయిన్ లోపలికి తీసుకువెళితే నీరు పూర్తిగా తీయకముందే బయటపడాలి, లేదా తిరిగి పోటు వచ్చే దాకా దోమల మధ్య కూర్చోవాలి.

ఉప్పునీరు ఎక్కని ఎగువ కాలువల్లో, ఊరి చెరువుల్లో ఇదే జిగ్గు కొరమేనుకు పనికివస్తుందా అని చాలామంది అడుగుతారు. గడ్డి పలచగా ఉండి మధ్య మధ్య నీటి సందులు ఉన్న చోట చక్కగా పనికివస్తుంది, ముఖ్యంగా గుర్రపుడెక్క అంచు వెంట లాగితే. డెక్క దట్టంగా కప్పేసిన చోట మాత్రం రెండు గజాలు రాకముందే రేకు మూసుకుపోతుంది. అక్కడ నీటి మీద తేలుతూ జారే రబ్బరు కప్పే సరైన ఎర. కొరమేనుకు పళ్లు పదును, నోరు గట్టి, కనుక గాలం మొన ఇంకా వాడిగా ఉండాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన మెదులుతూ కనబడితే దాని కింద కాపలా కాసే పెద్ద చేప ఏ ఎరనైనా కరుస్తుంది. దానిని పడితే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది, అక్కడ ఎర వేయకుండా ముందుకు సాగాలి.

ఇంటికి రాగానే జిగ్గులను అరగంట మంచినీటిలో నానబెట్టి, ట్రెయిలర్ తీసి, నీడన ఆరబెట్టాలి. ఉప్పు రేకు కీలులో గడ్డకడితే మరుసటిసారి అదురు మొదలవ్వదు. రేకు వంగి ఎర ఒక పక్కకు పోతుంటే పట్టుకారుతో మెల్లగా ఎదురు దిశకు వంచి, బకెట్టు నీటిలోనో పంట కాలువలోనో లాగి చూసుకోవచ్చు. అతుక్కుపోయిన కుచ్చు పోగులకు కొద్దిగా పౌడరు రాస్తే విడిపోతాయి. గాలం మొనను గోటి మీద ఆనించి జరిపినప్పుడు గీత పడకుండా జారితే చిన్న ఆకురాయితో రెండు వైపులా నాలుగేసి సార్లు రాయాలి. తుప్పు చుక్క కనబడిన క్లిప్పును మాత్రం రాయడం, నూనె పెట్టడం చేయక పారవేసి కొత్తది వేసుకోవాలి.